ఫైలులోని మెటాడేటా: ఉంచాలా, తీసేయాలా?

ఫోనుతో తీసిన ఫొటోలో దృశ్యం ఒక్కటే ఉండదు. ఏ రోజు, ఏ సమయానికి, ఏ ఫోనుతో తీశారో కూడా అందులో నమోదవుతుంది. ఇలా ఫైలులో దాగి ఉండే వివరాలనే మెటాడేటా అంటారు. లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు సైతం దొరికిపోతుంది. 2012లో మెకఫీ యాంటీవైరస్ సంస్థ స్థాపకుడు జాన్ మెకఫీ మధ్య అమెరికా దేశమైన బెలీజ్ పోలీసులకు చిక్కకుండా తిరుగుతున్నప్పుడు, ఒక పత్రిక ఆన్‌లైన్‌లో పెట్టిన ఆయన ఫొటోలోని జీపీఎస్ వివరాలే ఆయన పొరుగు దేశం గ్వాటెమాలాలో ఉన్నట్టు బయటపెట్టాయి. అలాగని ఈ వివరాలన్నీ చెరిపేయడమే మంచిదనుకోకండి. పొలం గట్టు తగాదాలో మీ ఫొటో ఎప్పటిదో చెప్పే సాక్ష్యం అదే.

1. ముందుగా అసలు ఫైలును విడిగా భద్రపరచండి. ఏ మార్పు చేసినా నకలులోనే చేయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతా పొరపాట్లను సరిదిద్దుకోవచ్చు.

2. ఫైలు ఎవరి చేతికి వెళ్తుందో చూసుకోండి. కోర్టుకో, పోలీసులకో, బీమా కంపెనీకో అయితే వివరాలు ఉంచండి. నలుగురూ చూసే చోట పెట్టేదైతే తీసేయండి. వివాదం మొదలయ్యాక అసలు ఫైలును మాత్రం ముట్టుకోవద్దు. సాక్ష్యంగా రాకుండా ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం.

3. సాక్ష్యంగా ఇవ్వాలంటే పంపే పద్ధతి చాలా ముఖ్యం. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తేదీ, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్‌తో కాపీ చేయండి. ఈమెయిల్‌ను ఫార్వర్డ్ చేస్తే అది వచ్చిన దారి వివరాలు మిగలవు. జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ తెరిచి, అసలు మెయిల్‌ను డౌన్‌లోడ్ చేసుకోవాలి.

తర్వాత హాష్ విలువ, అంటే ఫైలులోని సమాచారాన్ని బట్టి కంప్యూటర్ లెక్కగట్టే అంకెలు, అక్షరాల వరుస, రాసి పెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో దాన్ని పేర్కొనాలి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో తెలుసుకోవచ్చు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. అయితే కంప్యూటర్ ఫోల్డర్‌లో చూపే ‘సృష్టించిన తేదీ’ ఈ లెక్కలోకి రాదు. కాపీ చేసినప్పుడు అది మారవచ్చు కాబట్టి విడిగా రాసుకోండి.

4. తీసేయాలంటే విండోస్‌లో ఫొటో నకలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకి వెళ్లండి. అడుగున వివరాలు తొలగించే లింకు ఉంటుంది. వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ వరుసగా నొక్కితే రాసినవారి పేరు, పాత వ్యాఖ్యలు, దిద్దుబాట్లు దొరుకుతాయి. ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో లొకేషన్ ఆపేయండి.

పీడీఎఫ్‌లో ఆధార్ నంబరు మీద నల్లపెట్టె గీసి ఊరుకోవద్దు. చాలాసార్లు అడుగున అంకెలు అలాగే ఉంటాయి, కాపీ చేస్తే వచ్చేస్తాయి.

5. పంపే ముందు ఆ నకలునే మళ్లీ తెరిచి, డీటెయిల్స్ ఒకసారి చూడండి.