భువనగిరి ఖిల్లా ఎక్కేవాళ్లు ప్రతి దర్వాజ దగ్గరా వెనక్కి తిరిగి చూడాలి

మా నాయిన రాళ్లు కొట్టేవాడు. భువనగిరి ఖిల్లా మీదికి నన్ను మొదటిసారి తీసుకెళ్లింది ఆయనే, నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు. ఇప్పుడు నేను సర్కారు బడిలో సోషల్ చెబుతున్నాను. పందొమ్మిదేళ్లుగా ప్రతి చలికాలం పదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని అదే గుట్ట ఎక్కుతున్నాను.

హైదరాబాద్ నుంచి ఆదివారం పూట చాలామంది వస్తారు. ముప్పావుగంటలో ఎక్కేస్తారు, ఫొటోలు దిగుతారు, "పైన ఏముంది, కూలిపోయిన గోడలు" అనుకుంటూ దిగిపోతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. చూడాల్సిందంతా దారిలోనే ఉంది. వాళ్లు దాన్ని దాటుకుని వెళ్లిపోయారు. మొదటిసారి వచ్చేవాళ్లు అలా దాటుకుని పోకూడదని, ఎలా ఎక్కాలో, ఎక్కడెక్కడ ఆగాలో రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. హైదరాబాద్ నుంచి వరంగల్ దారిలో యాభై కిలోమీటర్ల లోపే భువనగిరి. ఉప్పల్‌లో బస్సు ఎక్కొచ్చు, సికింద్రాబాద్‌లో కాజీపేట వైపు వెళ్లే రైలైనా ఎక్కొచ్చు. గుట్ట ఊరి నడిమధ్యనే ఉంటుంది, ఎవరినీ దారి అడగాల్సిన పని లేదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో రండి. గేటు తెరిచే వేళ ముందురోజే కనుక్కుని, తెరవగానే లోపలికి వెళ్లేలా బయల్దేరండి. ఒక ఏడాది పరీక్షల హడావుడిలో పడి మార్చిలో తీసుకెళ్లాను. పదకొండు గంటలకల్లా బండ పెనంలా కాలింది. ఒక పిల్ల కళ్లు తిరిగి నా భుజం మీద వాలిపోయింది. గోడ నీడన పడుకోబెట్టి, తడిగుడ్డతో మొహం తుడిచి, ఉప్పు వేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించాక తేరుకుంది. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి ఫిబ్రవరి దాటితే ఆ బండ మీద కాలు పెట్టనివ్వను.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఉప్పు మజ్జిగ, టోపీ లేదా తలకు చుట్టుకునే తువ్వాలు ఉండాలి. అడుగున రబ్బరు గట్టిగా పట్టే బూట్లు వేసుకోండి. హవాయి చెప్పులతో వచ్చిన పిల్లల్ని నేను కిందనే ఆపేస్తాను. తినడానికి మేం సర్వపిండి, పల్లిపట్టీలు పట్టుకెళ్తాం. ప్లాస్టిక్ కవరు చప్పుడు వింటే కోతులు మీదికొస్తాయి కాబట్టి తిండిని మూత ఉన్న డబ్బాలో పెట్టి, సంచిలో అడుగున పెట్టండి.

వెంటనే ఎక్కడం మొదలుపెట్టకండి. ముందు కాస్త దూరంగా నిలబడి గుట్టను చూడండి. దక్షిణం నుంచి చూస్తే తాబేలులా, పడమటి నుంచి చూస్తే పడుకున్న ఏనుగులా ఉంటుందని మా ఊళ్లలో అంటారు. మొత్తం ఒకే బండ. 500 అడుగులకు పైగా ఎత్తు, పైన సుమారు 40 ఎకరాల విస్తీర్ణం. పిల్లల్ని అక్కడ నిలబెట్టి నేను ఒకటే అడుగుతాను: "మీ దగ్గర వెయ్యిమంది సైనికులున్నారు. ఎటు నుంచి ఎక్కుతారు?" పది నిమిషాలు వాదించుకుంటారు. చివరికి అందరి వేళ్లూ ఇప్పుడు మెట్లున్న వైపుకే వస్తాయి. మిగతా వైపులన్నీ నున్నటి బండే. కోట కట్టించినవాళ్లు కాపలా పెట్టుకోవాల్సింది ఆ ఒక్క వైపునే.

కట్టించింది కల్యాణి చాళుక్యుల రాజు ఆరో విక్రమాదిత్యుడు. 1076 నుంచి 1126 దాకా ఏలాడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. ఆ బిరుదు మీదనే త్రిభువనగిరి అన్నారు, అదే వాడుకలో భువనగిరి అయింది. తర్వాత కాకతీయుల కాలంలో రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ఈ కోటను వాడుకున్నారు. ఆ పైన బహమనీలు, గోల్కొండ కుతుబ్‌షాహీలు. ఇన్ని చేతులు మారిందని గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది గోడలే చూపిస్తాయి.

మొదటి దర్వాజ దాటి లోపలికి రాగానే ఆగి, వెనక్కి తిరగండి. ఎక్కేవాళ్లంతా ముందుకే చూస్తారు. ఎక్కేవాడి కంటికి కనపడేది మెట్టు, తర్వాత ఇంకో మెట్టు, అంతే. వెనక్కి తిరిగితే మాత్రం పైన కాపలా ఉన్న సిపాయి చూపు మీకు వస్తుంది. మీరు ఇప్పుడే నడిచొచ్చిన చోటు మొత్తం వాడికి అరచేతిలో ఉన్నట్టు కనపడుతుంది. కోట దర్వాజల దారి నేరుగా ఎందుకు ఉండదో, ఎందుకు వంపు తిరుగుతుందో అప్పుడు తెలుస్తుంది. తలుపును గుద్దడానికి ఏనుగు పరుగెత్తుకుంటూ రావాలి, వంపు ఉంటే దానికి పరుగు అందదు. తలుపులకు ఇనుప మేకులు కొట్టింది కూడా ఏనుగు నుదురు ఆనించకుండా ఉండడానికే. ఒక దర్వాజకూ ఇంకో దర్వాజకూ మధ్య చిక్కినవాడికి మూడు వైపుల నుంచీ రాళ్లూ బాణాలూ పడతాయి. పాఠం చెబితే పది నిమిషాలకే దిక్కులు చూసే పిల్లలు, అక్కడ నిలబెట్టి చూపిస్తే ఊపిరి బిగబట్టి వింటారు.

ఇక బండ మీద నడక. కొన్నిచోట్ల చెక్కిన మెట్లు, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు ఉన్నాయి. అవి లేనిచోట వాలు బండ మీదే నడవాలి. భయంతో మనిషి ముందుకు వంగి, మునివేళ్ల మీద ఎక్కుతాడు. దాంతో పట్టు జారుతుంది. అరికాలు మొత్తం బండకు ఆనించండి, నడుము నిటారుగా ఉంచండి, అడుగు చిన్నగా వేయండి. బండ మీద నల్లటి చారలు కనిపిస్తాయి, వాననీళ్లు పారిన దారులవి. ఎండలో వాటితో ఇబ్బంది లేదు. తడిస్తే నాచు ఊరి సబ్బులా జారతాయి. చినుకు మొదలైతే పైకి పోవద్దు. పెచ్చులుగా లేచిన చోట్ల కూడా జాగ్రత్త. ఈ నల్లరాయి ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోతుంది. మా నాయిన కర్రతో తట్టి చూసేవాడు. టంగుమంటే గట్టి బండ, డొల్లగా మోగితే కింద గాలి ఉన్నట్టు. అలాంటి పెచ్చు అంచున కాలు పెట్టకూడదు.

ఇదే బండ మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకుని, మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మా ఆడపిల్లలు భయపడి ఆగిపోయిన చోట ఈ ఒక్క మాట చెబుతాను, లేచి నడుస్తారు.

సగం ఎక్కాక పక్క బండల మీద వరసగా చిన్న గుంటల కోసం వెతకండి. అగ్గిపెట్టె పట్టేంత ఉంటుంది ఒక్కొక్కటి, జానెడు దూరానికొకటి, దారం పట్టి కొట్టినట్టు ఒకే గీతలో. రాతిని చీల్చడానికి ఉలితో తొలిచిన గుంటలవి. వాటిలో మేకులు దించి, ఒకదాని తర్వాత ఒకటి సమ్మెటతో కొట్టుకుంటూ పోతే బండ ఆ గీత వెంబడి పగులుతుంది. మా నాయిన చేసిన పనీ అదే. గోడ రాళ్లలో కొన్నింటి అంచున ఆ గుంటలు సగం సగం కనిపిస్తాయి, మిగతా సగం ఎక్కడో బండకే ఉండిపోయింది. ఒకచోట ఏడు గుంటలున్న వరస ఉంది, బండ మాత్రం పగల్లేదు. ఆయన నన్ను అక్కడ కూచోబెట్టి, నా వేలు పట్టుకుని ఒక్కో గుంటలో పెట్టించాడు. "ఇగో సూడు బిడ్డా, ఈడ మొదలువెట్టిన్రు, ఇడిసిపెట్టిన్రు. ఇంకో నాలుగు దెబ్బలేస్తే పలిగేది" అన్నాడు. ఆ మాట అంటూ ఆయన గొంతు మారింది. తన తోటి పనివాడెవడో నిన్ననే పని వదిలేసి వెళ్లినట్టు మాట్లాడాడు. నాకు చరిత్ర మీద ఇష్టం కలిగింది ఆ రోజే. మా పిల్లలందరి వేళ్లూ ఆ గుంటల్లో పెట్టిస్తాను.

గోడల్లో కూడా కాలం తేడా తెలుస్తుంది. పెద్ద పెద్ద రాళ్లను చెక్కి, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన వరసలు పాతకాలం పని. చిన్న రాళ్లు, సున్నపు గచ్చు, విల్లులా వంగిన కమాను కనిపిస్తే అది తర్వాతి సుల్తానుల నాటిది. గోడ పైఅంచున తుపాకీ గొట్టం దూర్చడానికి కన్నాలుంటే, మందుగుండు వచ్చాక కట్టిందని లెక్క. కొన్నిచోట్ల ఇవన్నీ ఒకే గోడలో కలిసిపోయి ఉంటాయి. కింది నుంచి పైకి చదువుకుంటూ రండి.

నీళ్ల గుంటల దగ్గర తప్పకుండా కూర్చోండి. వందలమంది ఈ బండ మీద నెలల తరబడి ఎలా బతికారని ఏ పిల్లవాడైనా అడుగుతాడు. వానకాలంలో బండ మీద పడ్డ చినుకంతా వాలు వెంబడి జారి ఆ గుంటల్లోకి చేరుతుంది. నీళ్లు నిలవబట్టే కోట నిలిచింది. ఆ నీళ్లు తాగకండి, ఈతకు అసలు దిగకండి. అంచు నాచు పట్టి ఉంటుంది, లోతు తెలియదు, పట్టుకుని పైకి రావడానికి మెట్టు ఉండదు.

పైన పాత మహలు, ఫిరంగులు ఉన్నాయి. గాలి బాగా వీస్తుంది. కింద ఊరు, రైలు పట్టాలు, చుట్టూ చదును నేల కనిపిస్తాయి. ఓరుగల్లు మీద పడిన సర్వాయి పాపన్న 1708లో ఈ భువనగిరి మీద కూడా దాడి చేశాడు. కింద కనిపిస్తున్న ఆ ఊళ్లోనే 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. నిజాం రాజ్యంలో రైతు పోరాటం పెద్ద మలుపు తిరిగింది అక్కడే. రెండూ ఒక్కచోట కూర్చుని చెప్పుకోవచ్చు.

సర్వపిండి తింటూ నేను చెప్పే ఇంకో కథ నెల్లూరు జిల్లా ఉదయగిరిది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే, ఏడాదిన్నర పట్టింది. కొండ మీదికి దారి ఇరుకు. రాయలు బండలు పగలగొట్టించి దారి వెడల్పు చేయించాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. రాజు పేరు అందరూ చెబుతారు. నాకైతే ఆ బండలు పగలగొట్టినవాళ్లే కళ్ల ముందు ఆడతారు. భువనగిరి తర్వాత ఎక్కాల్సిన కొండల్లో ఉదయగిరి ఒకటి, కాకపోతే అది పెద్దది, రోజంతా పడుతుంది, దారి తెలిసినవాళ్లు తోడుండాలి. దానికంటే ముందు గుంటూరు దగ్గరి కొండవీడు చూడండి. రెడ్డిరాజుల్లో అనవోతారెడ్డి తన రాజధానిని అద్దంకి నుంచి అక్కడికే మార్చాడు, 1515లో రాయలు ఆ కోటనూ గెలిచాడు. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డుంది. ఓపిక ఉంటే కాలిబాటనే వెళ్లండి, సీతాఫలాల కాలమైతే మరీ మంచిది.

ఒక విషయం కోపంతోనే రాస్తున్నాను. గుప్తనిధుల ఆశతో కోటల్లో గుంతలు తవ్వుతున్నారు, గుడి అడుగులు కదిలిస్తున్నారు, శాసనాల మీద రంగు పూస్తున్నారు. తాజాగా తవ్విన గుంత కనిపిస్తే ఫొటో తీసి పోలీసులకు, పురావస్తు శాఖకు చెప్పండి. మీ పిల్లలు గోడ మీద పేరు చెక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. ఇంకొకటి, కొండచరియలకు పెద్ద తేనెతుట్టెలు వేలాడుతుంటాయి. ఆ దరిదాపుల్లో పొగ పెట్టకండి, కేకలు వేయకండి, ఘాటు సెంటు పూసుకుని రాకండి. ఈగలు లేస్తే నెత్తిన, మొహం మీద తువ్వాలు కప్పుకుని, కాలు జారకుండా చూసుకుంటూ వీలైనంత త్వరగా దూరం వెళ్లాలి. వాలు బండ మీద మాత్రం పరుగెత్తకండి, జారిపడతారు.

దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు. మోకాళ్లు అలిసి ఉంటాయి, మనసు అప్పటికే బస్టాండులో ఉంటుంది. మోకాళ్లు కొంచెం వంచి, పాదం అడ్డంగా పెట్టి దిగండి. ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండడుగుల ఎడం. పరుగు పందెం పెట్టుకునేవాళ్లను నేను నా పక్కన పెట్టుకుంటాను. దిగుతూ కూడా ప్రతి దర్వాజ దగ్గర ఆగండి, ఈసారి పైకి చూడండి. పొద్దున మీరు ఎటు నుంచి దాడి చేస్తామన్నారో అక్కడ నిలబడి, ఇప్పుడైతే ఏం చేస్తారో మళ్లీ ఒకరినొకరు అడగండి. మా పిల్లల్లో సగం మంది మాట మార్చుకుంటారు. కింది గేటు దాటాక అందరినీ పేరు పేరునా పిలిచి, ఇంకోసారి లెక్కపెట్టుకోండి.