మధ్యాహ్నం క్యూఎన్‌హెచ్ ఎక్కువ చూపిస్తోందా? సెన్సర్ మార్చే ముందు గాలి ట్యూబు చూడండి

లక్షణం ఇలా ఉంటుంది. తెల్లవారుజామున విమానాశ్రయంలోని ఆటోమేటిక్ వాతావరణ పరిశీలన వ్యవస్థ చూపే పీడనం సరిగ్గానే ఉంటుంది (దాన్ని సముద్రమట్టానికి సరిచేసి, ఆల్టీమీటరు సర్దుకోవడానికి పైలట్లకు చెప్పే అంకే క్యూఎన్‌హెచ్). ఎండెక్కేకొద్దీ పక్కన పెట్టిన పోర్టబుల్ బారోమీటరు కంటే ఒకటి, ఒకటిన్నర హెక్టోపాస్కల్ (పీడనం కొలమానం) ఎక్కువ చూపిస్తుంది. పొద్దుగూకాక తక్కువ చూపిస్తుంది. సాంకేతిక సిబ్బంది వచ్చి సెన్సర్ ఉన్న బాక్సు తెరిచి పోల్చి చూస్తే అంతా సరిగ్గా ఉంటుంది. "లోపం లేదు" అని రాసి వెళ్తారు. మర్నాడు మళ్ళీ అదే కథ.

ఒక హెక్టోపాస్కల్ అంటే సుమారు 27 అడుగుల ఎత్తు తేడా. క్యూఎన్‌హెచ్ ఎక్కువ చెబితే పైలట్‌కు ఆల్టీమీటరు (ఎత్తు చూపే పరికరం) ఎక్కువ ఎత్తు చూపిస్తుంది, విమానం మాత్రం అంతకంటే కిందే ఉంటుంది. తప్పు ఎటు జరగకూడదో అటే జరుగుతుంది కాబట్టి దీన్ని "ఒక పాయింటే కదా" అని వదలకండి.

ముందు తేలిక సంగతి. డిస్‌ప్లేలో 1008.9 ఉండి మెటార్‌లో (విమానాశ్రయ వాతావరణ నివేదికలో) 1008 వస్తే అది లోపం కాదు. క్యూఎన్‌హెచ్‌ను దశాంశం తీసేసి కింది పూర్ణాంకానికే దించి ఇస్తారు. దీని మీద ఫిర్యాదు రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

అసలు కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: బాక్సు లోపలి గాలికి, బయటి గాలికి మధ్య ఉండాల్సిన దారి, అంటే బయటి పోర్ట్ (గాలి రంధ్రం) లేదా దాన్నుంచి వచ్చే ట్యూబు, మూసుకుపోవడం. సెన్సర్ నిజమే చెబుతోంది, కానీ బయటి పీడనం గురించి కాదు, డబ్బాలో చిక్కుకున్న గాలి గురించి. పూర్తిగా బిగుసుకున్న డబ్బాలో ఒక్క డిగ్రీ వేడి పెరిగితే పీడనం 3 హెక్టోపాస్కళ్ళకు పైగా పెరుగుతుంది. రేణిగుంట ఎండలో మూసి ఉన్న బాక్సు పది డిగ్రీలు వేడెక్కడానికి ఎంతో సేపు పట్టదు. అలా పూర్తిగా మూసుకుపోతే ఎవరికైనా దొరికిపోతుంది. ఏడిపించేది సగం మూసుకున్న దారి. గాలి సన్నగా కారుతూ ఉంటుంది, తేడా ఒకటిన్నర దగ్గరే ఆగుతుంది.

పైగా మన ప్రాంతంలో పీడనానికి రోజువారీ నడక ఉంది. వాయుగుండం లేని రోజున ఉదయం 10 ప్రాంతంలో గరిష్ఠం, సాయంత్రం 4 ప్రాంతంలో కనిష్ఠం, రాత్రి 10కి మళ్ళీ పైకి. పగటి తగ్గుదలే మూడు నాలుగు హెక్టోపాస్కళ్ళు ఉంటుంది. అంటే బయట పీడనం పడిపోతున్న గంటల్లోనే డబ్బా వేడెక్కుతుంది, బయట పెరుగుతున్న గంటల్లోనే చల్లబడుతుంది. వేడి వల్ల వచ్చే తప్పు, సన్నటి దారిలో గాలి ఆలస్యంగా సర్దుకోవడం వల్ల వచ్చే తప్పు, రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. అందుకే మధ్యాహ్నం 12కి, రాత్రి 7కి రెండుసార్లు పోల్చండి. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తే కారణం గాలి దారే. పాతబడి డ్రిఫ్ట్ అయిన (కొలత మెల్లగా పక్కకు జరిగిన) సెన్సర్ ఒకే రోజులో ప్లస్ నుంచి మైనస్‌కు మారదు.

పోల్చేటప్పుడు అందరూ వదిలేసేది ఇదే: బాక్సు తలుపు తీయకూడదు. తీసిన మరుక్షణం లోపలి గాలి బయటి గాలితో కలిసిపోతుంది, లోపం మాయమవుతుంది. పోర్టబుల్ బారోమీటరును సెన్సర్ ఎత్తులోనే, నీడలో పెట్టండి. ఏసీ జీపులోంచి తీసిన వెంటనే చూడకండి, ఇరవై నిమిషాలు ఆగండి. తేడా రాసుకున్నాక ఒకరు స్క్రీన్ మీద కన్నేసి ఉండగా ఇంకొకరు తలుపు తీయండి. అంకె ఠక్కున పడితే ఇక అనుమానం అక్కర్లేదు. కొన్ని మోడళ్ళలో ట్యూబు నేరుగా సెన్సర్ నిపుల్‌కే (ట్యూబు తగిలించే మొనకే) ఉంటుంది. వాటిలో తలుపు బదులు ట్యూబు ఊడదీసిన క్షణం చూడాలి.

"రెండు సెన్సర్లూ ఒకే అంకె చూపిస్తున్నాయి కదా" అనే వాదన చెల్లదు. రెండూ ఒకే బాక్సులో, ఒకే దారితో గాలి పీలుస్తుంటే రెండూ కలిసే తప్పు చెబుతాయి.

దారి మూసేది ఎవరు? మొదటిది మట్టిగూడు కట్టే కందిరీగ. వేలెడు గొట్టం దొరికితే చాలు, తడిమట్టి తెచ్చి మూతి మెత్తేస్తుంది. నిలిపి ఉంచిన విమానాల పిటాట్ గొట్టాలకు (గాలిలో వేగం కొలిచేవాటికి) తొడుగులు వేయడానికి ఇదీ ఒక కారణమే. రెండోది నీరు. ట్యూబు మధ్యలో ఉయ్యాలలా వేలాడితే ఈశాన్య రుతుపవన వానల్లో అక్కడ నీళ్ళు నిలుస్తాయి. ఆ వంపులో రెండు వైపులా నీటిమట్టం ఒక సెంటీమీటరు తేడాతో ఉన్నా ఒక హెక్టోపాస్కల్ తప్పు. మూడోది మన చేతి పనే: చీమలు వస్తున్నాయని కేబుల్ గ్లాండ్లన్నిటికీ (కేబుళ్ళు బాక్సులోకి వెళ్ళే చోట ఉండే బిగింపులకు) సిలికాన్ పూయడం. అప్పటిదాకా ఆ సందుల్లోంచే బాక్సు ఊపిరి పీలుస్తూ ఉంటుంది. వాటిని మూశాక అసలు పోర్ట్ ఎప్పుడో పూడిపోయిందని బయటపడుతుంది.

సరిచేయడం:

1. ముందు టవర్‌కు, డ్యూటీలో ఉన్న వాతావరణ పరిశీలకులకు చెప్పి పీడనాన్ని స్టాండ్‌బైకి మార్చండి.
2. ట్యూబును సెన్సర్ నిపుల్ నుంచి ఊడదీయండి. ఇది చేయకుండా గాలి కొట్టొద్దు, సెన్సర్ పాడవుతుంది.
3. సెన్సర్ వైపు కొస నుంచి బయటికి మెల్లగా ఊదండి. అవతలి పోర్ట్ దగ్గర తడి వేలికి గాలి తగలాలి.
4. మట్టిని సన్నటి నైలాన్ తీగతో రాల్చి, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. గ్రీజు, నూనె వద్దు.
5. ట్యూబు సెన్సర్ నుంచి బయటికి ఏకధాటిగా వాలుగా దిగాలి. పొడవెక్కువైతే కోసేయండి, అడుగుకో క్లిప్పు వేయండి.
6. మూతికి ఒక మిల్లీమీటరు కన్నాల స్టీలు జాలీ పెట్టండి. స్పాంజి, గుడ్డ పెడితే తడిసి అవే మూసేస్తాయి.

తలుపు మూసి, గంట ఆగి పోల్చండి. మర్నాడు మధ్యాహ్నం 12కి, రాత్రి 7కి మళ్ళీ చూడండి. రెండుసార్లూ తేడా అర హెక్టోపాస్కల్ లోపు ఉంటేనే సరైనట్టు.

మిగతా కారణాలు అరుదు. రోజంతా ఒకే తేడా ఉంటే సెట్టింగులో సెన్సర్ ఎత్తు తప్పుగా వేసి ఉంటారు, మీటరుకు 0.12 హెక్టోపాస్కల్ చొప్పున లెక్కేసుకోండి. నెలల తరబడి ఒకే వైపు జరుగుతుంటే సెన్సర్‌ను కాలిబ్రేషన్‌కు పంపండి. గాలి వీచినప్పుడల్లా అంకె ఊగితే పోర్ట్ తల విరిగిందేమో చూడండి. సెన్సర్ గదిలోనే ఉండి తలుపు వేసినప్పుడల్లా అంకె ఎగిరితే ట్యూబు బయటిదాకా వెళ్ళనట్టు. కేబుల్, పవర్ లోపాలైతే సాధారణంగా అంకె తప్పుగా రావడం కాదు, అసలు అంకే రాదు.

అక్టోబరు వానలకు ముందు ఒకసారి, మార్చిలో ఒకసారి జాలీ విప్పి చూసి, తేదీ వేసి లాగ్‌బుక్‌లో రాయండి. ఆ రోజు తలుపు మూసి ఉండగా వచ్చిన తేడా, తెరిచాక వచ్చిన తేడా రెండూ విడివిడిగా రాయండి.