స్పీకర్లు మార్చే ముందు: బుక్‌షెల్ఫ్ స్పీకర్ల సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

తక్కువ ఖర్చులో తెచ్చుకున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఆశించినంత బాగా పలకకపోతే చాలామంది వెంటనే ఇంకాస్త ఖరీదైన జత కోసం వెతుకుతారు. ఆ డబ్బు ఇప్పుడే తీయకండి. స్పీకర్ పెట్టిన చోటు, కలిపిన వైరు, పాట పంపుతున్న ఫోన్ సెట్టింగు సరిచూడకపోతే కొత్త జత కూడా అదే గదిలో అదే జబ్బు చూపిస్తుంది. పరీక్షకు కొలిచే టేపు, ఒక పెన్సిల్ సెల్లు, మీకు కంఠతా వచ్చిన రెండు మూడు పాటలు చాలు. వాటిలో ఒకటి మృదంగమో తబలానో స్పష్టంగా వినిపించేది, ఇంకొకటి ఒక్క గొంతే ముందుండేది అయితే మేలు. వినేముందు ఫోన్‌లో ఈక్వలైజర్, సరౌండ్ ఎఫెక్టులు ఆపేయండి.

బేస్ లేదు, పాట పలచగా ఉంది

ముందు చూడాల్సింది వైర్లు. యాంప్ (యాంప్లిఫయర్) వెనక ఎరుపు, స్పీకర్ వెనక ఎరుపు ఒకే తీగతో కలవాలి. ఒక స్పీకర్‌కు సరిగ్గా, రెండోదానికి తిరగబడి కలిపితే ఒక ఊఫర్, అంటే బేస్ పలికే పెద్ద కోన్, ముందుకొచ్చే క్షణంలో రెండోది వెనక్కి పోతుంది. కింది స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, గొంతు కూడా ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోతుంది. రెండు స్పీకర్లనూ పక్కపక్కన ఎదురుగా పెట్టుకుని, మోనోలో, అంటే రెండింట్లోనూ ఒకే శబ్దం వచ్చేలా పాట వేసి, ఒకదాని తీగలు మార్చి చూడండి. బేస్ ఎప్పుడు నిండుగా ఉంటే అదే సరైన కనెక్షన్.

తీగకు రంగు గుర్తు లేకపోతే పెన్సిల్ సెల్లు పనికొస్తుంది. ఇది యాంప్ లోపల లేని పాసివ్ స్పీకర్లకే. యాంప్ నుంచి తీగ విప్పేసి, సెల్లు ప్లస్‌ను ఒక తీగకు, మైనస్‌ను రెండోదానికి ఒక్క క్షణం తాకించండి. ఊఫర్ బయటికి ఉబికితే ప్లస్ తాకిన తీగ ఎరుపుది, లోపలికి పోతే నలుపుది. కింది స్వరాల్ని, పైస్వరాల్ని వేరుచేసే క్రాసోవర్‌లోని కెపాసిటర్ బ్యాటరీ కరెంటును ఆపుతుంది కాబట్టి పైస్వరాలు పలికే చిన్న ట్వీటర్‌కు ప్రమాదం లేదు. అయినా తీగల్ని పట్టుకుని ఉంచొద్దు, తాకించి తీసేయండి.

వైర్లు సరిగ్గానే ఉన్నాయంటే తర్వాత మీ కుర్చీ చూడాలి. ఎదురెదురు గోడల మధ్య ధ్వని కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర నిలబడిపోతుంది. 12 అడుగుల పొడవైన గదిలో మొదటిది సుమారు 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు), 10 అడుగుల గదిలో 56. సరిగ్గా గది మధ్యలో ఆ స్వరం దాదాపు వినిపించదు, గోడ దగ్గర ఉప్పొంగుతుంది. నడి గదిలో కూర్చుని బేస్ లేదనుకునేవాళ్లు కుర్చీని రెండడుగులు వెనక్కి జరిపితే తేడా తెలుస్తుంది. అయితే తల గోడకు ఆనించి కూర్చోవద్దు, అక్కడ బేస్ ముద్దగా వినిపిస్తుంది.

మూడోది స్పీకర్‌కూ వెనక గోడకూ మధ్య దూరం. గోడకు తగిలి తిరిగొచ్చిన ధ్వని నేరుగా వచ్చేదాంతో కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం తగ్గిపోయే పల్లం చేస్తుంది. ఊఫర్ ముఖం నుంచి వెనక గోడ దాకా దూరాన్ని మీటర్లలో కొలిచి, 86ను దానితో భాగించండి. 60 సెంటీమీటర్లయితే 86ను 0.6తో భాగిస్తే 143 హెర్ట్జ్ దగ్గర పల్లం. మగ గొంతు అడుగు స్వరాలు ఉండే చోటు అదే. అందుకే చిన్న గదిలో స్పీకర్‌ను బాగా ముందుకు లాగడం ప్రతిసారీ మంచిది కాదు. పెట్టె వెనక 15 నుంచి 30 సెంటీమీటర్ల ఖాళీతో మొదలుపెట్టి, అయిదేసి సెంటీమీటర్లు జరుపుతూ వినండి. పక్క గోడకు దూరం, వెనక గోడకు దూరం సమానంగా ఉంచొద్దు. సమానమైతే రెండు పల్లాలూ ఒకేచోట పడతాయి.

ఇవన్నీ చూశాక కూడా తక్కువే అనిపిస్తే అప్పుడు స్పీకర్ హద్దు గురించి ఆలోచించాలి. 4 అంగుళాల ఊఫర్ ఉన్న చవక జత 60, 70 హెర్ట్జ్ కిందికి పెద్దగా దిగదు, 5.25 అంగుళాలది 50కి కాస్త అటూ ఇటూ. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్. మృదంగం ఎడమ ముఖం గుంభనంగా పలకడానికి 5.25 సరిపోతుంది. సినిమా పాటల్లో సింథ్ బేస్ పూర్తిగా కావాలంటే సబ్‌ఊఫర్ తప్పదు. శబ్దంలో హెచ్చుతగ్గులు ఇంతకు మించవని చెప్పే ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అన్న షరతు లేకుండా అట్టపెట్టె మీద రాసిన కింది ఫ్రీక్వెన్సీ అంకెను నమ్మొద్దు.

బేస్ ఎక్కువైపోయి గుమ్‌గుమ్ మంటోంది

మూలలో పెట్టారు, లేదా షోకేస్ అరలో లోపలికి తోసేశారు. నేల, రెండు గోడలు కలిసేచోట బేస్ పెరుగుతుంది, మధ్యస్వరాలు పెరగవు. మూల నుంచి కనీసం రెండడుగులు పక్కకు తీయండి. అర తప్ప చోటు లేకపోతే స్పీకర్ ముందు అంచు అర అంచుతో సమానంగా వచ్చేలా ముందుకు లాగి, పక్కల ఖాళీల్లో పుస్తకాలు నింపండి. పెట్టె వెనక బేస్ గాలి బయటికొచ్చే గొట్టం (పోర్టు) ఉంటే అందులో శుభ్రమైన సాక్సు చుట్టి వదులుగా దూర్చండి. లోపల పడిపోకుండా కొస బయటికి ఉంచండి. బేస్ కొంచెం తగ్గుతుంది, దాంతోపాటు బిగువు వస్తుంది.

ఒక్క పాటలో, ఒక్క స్వరం దగ్గరే గరగరమంటే అది స్పీకర్ కాకపోవచ్చు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెంచుతూ గదిలో తిరగండి. షోకేస్ అద్దం, గోడ మీది ఫోటో ఫ్రేము, స్టీలు గిన్నెల స్టాండు, కిటికీ గడియ దొరికిపోతాయి. అద్దానికి మూలల్లో ఫెల్టు ముక్కలు, స్పీకర్ కింద నాలుగు రబ్బరు బిళ్లలు చాలు.

చెవులకు గుచ్చుకుంటోంది, అరగంట వింటే తలనొప్పి

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. విట్రిఫైడ్ టైల్స్ నేల, బోసి గోడలు, కిటికీకి తెర లేదు. గది మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు తర్వాత ట్రిర్రుమని చిన్న తోక వినిపిస్తే గోడల మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకుంటోందన్నమాట. మీకూ స్పీకర్లకూ మధ్య నేల మీద జంపఖానా పరవండి. వరంగల్ నూలు జంపఖానా ఒక్క పొర పైపై కీచుదనాన్నే పీలుస్తుంది, రెండు మడతలు వేస్తే ఇంకాస్త పనిచేస్తుంది. పక్క గోడల మీద ధ్వని మొదట తగిలే చోటు తెలుసుకోవడానికి మీరు కుర్చీలో కూర్చుని, ఇంకొకరిని గోడ వెంట చిన్న అద్దం జరపమనండి. అద్దంలో ట్వీటర్ కనిపించిన చోట దళసరి తెరో, పుస్తకాల అలమరో ఉండాలి. ఖరీదైన ప్యానెల్స్ తర్వాత సంగతి.

ఆ తర్వాత కోణం. ట్వీటర్లు నేరుగా చెవిలోకి గురిపెట్టి ఉంటే కాస్త బయటికి తిప్పండి. మీ భుజాల పక్కనుంచి పోయేలా ఉంటే పదును తగ్గుతుంది.

ఎత్తు కూడా చూడాలి. సోఫాలో కూర్చున్నవాళ్ల చెవి నేల నుంచి సుమారు 95 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. టీవీ యూనిట్ మీద పెట్టిన ట్వీటర్ 75 దగ్గర, మీరు 2.5 మీటర్ల దూరంలో ఉన్నారనుకుందాం. తేడా 20 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల లోతున్న పెట్టె ముందు అంచు కింద 1.6 సెంటీమీటర్ల ఎత్తు పెడితే ట్వీటర్ చెవిని చూస్తుంది. చాప మీద కూర్చుని వినే ఇంట్లో ఈ లెక్క తిరగబడుతుంది, వెనక అంచు లేపాలి.

గొంతు మధ్యలో నిలవడం లేదు

గొంతు దాదాపు మాయమై వాయిద్యాలే మిగిలాయా? 3.5 మిల్లీమీటర్ల పిన్ను సగమే దిగింది. దాని గ్రౌండ్ కలవకపోతే రెండు చానళ్లలో సమానంగా ఉన్నది, అంటే గొంతు, కొట్టుకుపోతుంది. ఫోన్ కవరు అడ్డం వస్తోందేమో చూసి, లోపలికి గట్టిగా నొక్కండి.

గొంతు ఉంది కానీ ఒక పక్కకు లాగుతోందంటే యాంప్ దగ్గర ఎడమ, కుడి ఇన్‌పుట్ పిన్నులు మార్చి పెట్టండి. లాగడం రెండో పక్కకు మారితే లోపం ఫోన్‌లోనో కేబుల్‌లోనో ఉంది. మారకపోతే యాంప్, స్పీకర్ వైపు వెతకండి. రెంటిలోనూ తప్పు లేకపోతే టేపు తీయండి. రెండు స్పీకర్ల మధ్య దూరం, మీ నుంచి ఒక్కో స్పీకర్ దూరం దాదాపు సమానంగా ఉండాలి. మీ నుంచి రెండింటికీ తేడా రెండు సెంటీమీటర్లు మించకూడదు.

పెంచితే పగులుతోంది

పగిలేది చాలాసార్లు స్పీకర్ కాదు, యాంప్. యాంప్ తన శక్తి అయిపోయాక ధ్వని అల పైకొసల్ని కోసేస్తుంది. అప్పుడు పుట్టే అదనపు పైస్వరాలే ట్వీటర్‌ను కాలుస్తాయి. పగిలిన శబ్దం వినగానే తగ్గించండి, పాట అయ్యేదాకా ఆగొద్దు.

ఎన్ని వాట్లు కావాలి? 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న 8 ఓమ్స్ స్పీకర్ ఒక్క వాట్‌తో మీటరు దూరంలో 86 ఇస్తుంది. 20 వాట్లతో 99. మీరు కూర్చున్న చోటికి అందులో కొంత తగ్గినా పది, పన్నెండు అడుగుల గదికి అది ధారాళం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, కాబట్టి 85 బదులు 88 ఉన్న స్పీకర్ ఎంచుకోవడమూ రెట్టింపు యాంప్ కొనడమూ ఒకటే. 4 ఓమ్స్ స్పీకర్ సెన్సిటివిటీ 2.83 వోల్టుల దగ్గర రాసి ఉంటే అందులోంచి 3 తీసేయండి, అక్కడ తాగుతున్నది రెండు వాట్లు. పీఎంపీవో అన్న మాట ఉన్న అంకె ప్రచారానికి ఉబ్బించింది, దాన్ని అసలు లెక్కలోకే తీసుకోవద్దు. ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే వాట్లు, ఎంతో అడగండి.

గుయ్‌మని హమ్ వస్తోంది

ల్యాప్‌టాప్ చార్జర్ పీకండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారులు కలిసి వలయమై హమ్ పుట్టిస్తున్నాయి. టీవీకి కలిపి ఉంటే డిష్ కేబుల్ విప్పి చూడండి, చాలా ఇళ్లలో దొంగ అదే. అన్ని పరికరాలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టడం, ఆప్టికల్ కేబుల్ వాడటం, లేదా 3.5 మిల్లీమీటర్ల దారిలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టడం దీనికి మందు. ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని చెప్పేవాళ్ల మాట వినొద్దు. ఆ పిన్ను మీ ప్రాణాలకు రక్షణ.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చినప్పుడే గోల మొదలైతే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. యాంప్‌ను ఆ లైన్ నుంచి తప్పించండి. ఫ్యాన్ స్పీడు మార్చినప్పుడల్లా గోల మారితే స్టెప్పులు లేకుండా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ను తీసి కెపాసిటర్ రకం బిగించండి. హమ్ కాకుండా సన్నటి హిస్ ఉంటే ఫోన్ వాల్యూమ్ దాదాపు నిండుగా పెట్టి, స్పీకర్ వాల్యూమ్ తగ్గించండి.

టీవీ ఆప్టికల్ కలిపితే శబ్దమే లేదు

టీవీ డాల్బీ పంపుతోంది, స్పీకర్‌కు అది అర్థం కాదు. సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ ఔట్‌పుట్‌ను పీసీఎంకు, అంటే మామూలు స్టీరియో డిజిటల్ శబ్దానికి మార్చండి. బ్లూటూత్‌లో పెదాలకూ మాటకూ పొత్తు కుదరకపోతే అది బ్లూటూత్ ఆలస్యం. టీవీకి కేబులే వాడండి.

యాంప్ వేడెక్కి ఆగిపోతోంది

తీగ పోగు ఒకటి పక్క టెర్మినల్‌కు తగులుతోందేమో చూడండి. రెండు జతలు కలిపారా? రెండు 8 ఓమ్స్ జతలు పక్కపక్కన కలిస్తే యాంప్‌కు 4 ఓమ్స్ అవుతుంది, నిరోధం తగ్గి దాని మీద భారం పెరుగుతుంది. వైరు విషయంలో ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ రాగి వైరు బాగా సరిపోతుంది. 5 మీటర్ల దారికి రానుపోను నిరోధం సుమారు 0.12 ఓమ్, 8 ఓమ్స్ ముందు ఏపాటిది? రాగి పూత పూసిన అల్యూమినియం వైరు మాత్రం తీసుకోవద్దు. అదే మందానికి నిరోధం ఎక్కువ, వంచిన చోట పోగులు తెగుతాయి.

పాత జత కొనేటప్పుడు

ఊఫర్ చుట్టూ ఉండే రింగు నురుగుదైతే జాగ్రత్త. తేమకు నురుగు పొడిపొడిగా రాలిపోతుంది, విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఇది ఇంకా గమనించాలి. రబ్బరు రింగు మన్నుతుంది. కోన్‌ను రెండు బొటనవేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీరుకుంటున్న చప్పుడు వస్తే కోన్‌ను కదిలించే వాయిస్ కాయిల్ పక్కకు ఒరిగింది, వదిలేయండి.

కొత్తవి కొనక తప్పనప్పుడు

బడ్జెట్ బిగువుగా ఉంటే విడిగా యాంప్ కొనేకంటే యాంప్ లోపలే ఉన్న యాక్టివ్ జతే మేలు. చిన్న మొత్తాన్ని రెండుగా పంచితే రెండూ నాసిరకమే దొరుకుతాయి. ఎడిఫైయర్ ఆర్1280టీ లాంటి 4 అంగుళాల జతకు గొట్టం ముందు వైపు ఉంటుంది కాబట్టి అరలో పెట్టడానికి కుదురుతుంది. అయితే నాబ్‌లు పెట్టె పక్కన ఉంటాయి, వేళ్లు దూరే చోటు వదలాలి. దానికి బ్లూటూత్, ఆప్టికల్ లేవు, అవి కావాలంటే ఆర్1280డీబీ. పాసివ్‌లో సోనీ ఎస్‌ఎస్-సీఎస్5 లాంటిది 6 ఓమ్స్, గొట్టం వెనక వైపు. స్టాండు మీద గోడకు ఎడంగా పెట్టగలిగితేనే దాని జోలికి వెళ్లండి.

డబ్బాలు వాపసు గడువు తీరేదాకా పారేయొద్దు. మొదటి రోజే రెండు స్పీకర్లనూ మోనోలో ఒక్కొక్కటిగా వినండి, 40 నుంచి 200 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో నడపండి. రెండింట్లో ఒకదాని గొంతు మూసుకుపోయినట్టున్నా, ఒకటే గరగరమన్నా వాడిచూద్దామని ఆగకుండా మార్పిడికి పంపేయండి.