మీ వీడియోను వేరే చానల్ ఎత్తుకుపోయిందా? యూట్యూబ్‌లో తీయించడం ఎలా?

దసరా రాత్రి దేవరగట్టు బన్నీ ఉత్సవంలో కర్రల మధ్య నిలబడి వీడియో తీస్తారు. తెల్లారేసరికి అదే వీడియో మీకు తెలియని నాలుగైదు చానళ్లలో, వాళ్ల లోగోతో తిరుగుతుంటుంది. కర్నూలు చుట్టుపక్కల చానళ్లు నడిపేవాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. ఇలాంటి ఫిర్యాదులు రాసిపెట్టే పని నేను చాలాకాలంగా చేస్తున్నాను. గెలవాల్సిన ఫిర్యాదులు కూడా చెడిపోతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

మొదట ఆధారాలు దాచుకోండి

దొంగ వీడియో లింకు, ఆ చానల్ లింకు, అప్‌లోడ్ తేదీ కనిపించే స్క్రీన్‌షాట్, మొత్తం వీడియో స్క్రీన్ రికార్డింగ్ దాచుకోండి. మీరు తీసిన ఎడిట్ చేయని ఫైళ్లను మెమరీ కార్డు నుంచి హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. ఈ పని కంప్యూటర్ ముందు కూర్చునే చేయాలి, ఫోన్‌లో వద్దు.

ఇవన్నీ చేతికొచ్చేదాకా అవతలివాళ్లకు మెసేజ్ పెట్టొద్దు. "అన్నా, అది మా వీడియో, తీసేయండి" అని కామెంట్ పెట్టగానే దాన్ని ప్రైవేట్‌లో పెట్టేస్తారు, గొడవ సద్దుమణిగాక మళ్లీ బయటికి తెస్తారు.

అసలు చిక్కు: అందులో మీది ఎంత?

తొందరపడొద్దని నేను బతిమాలేది ఇక్కడే. ఫారం ఎవరైనా నింపగలరు. "ఇది నాది" అని సంతకం చేసే ముందు ఆ మాట ఎంతవరకు నిజమో చూసుకునేవాళ్లు తక్కువ.

ఉత్సవం ఎవరి సొత్తూ కాదు. అదే రాత్రి, అదే కొట్లాట, అవతలి గట్టు మీద నిలబడి ఇంకొకరు తీసుకుంటే అది వాళ్లది. వంటకమూ అంతే. ఉగ్గాని, బజ్జి ఎలా చేయాలో మీరు చెప్పారని ఇంకొకరు చెప్పకూడదనే చట్టం లేదు. మీ షాట్లు, మీ గొంతు, మీరు రాసుకున్న మాటలు మాత్రమే మీవి. ఫిర్యాదులో అవే అడగాలి.

కెమెరా ఎవరు పట్టారో చూడండి. డ్రోన్ కుర్రాడికి డబ్బిచ్చి కొండారెడ్డి బురుజు షాట్లు తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తొలి హక్కుదారు మీరే. డబ్బు తీసుకోకుండా స్నేహం కొద్దీ తీసిచ్చి ఉంటే ఆ సెక్షన్ మీకు అండగా రాదు. పెళ్లి వీడియోల వాళ్లు దీన్నే తిప్పి చదువుకోవాలి. పెళ్లివాళ్లు డబ్బులిచ్చి తీయించుకున్న వీడియోను వాళ్ల బంధువు తన చానల్లో పెట్టుకుంటే, హక్కు తమదేనని ఒప్పందంలో రాసుకోని స్టూడియో స్ట్రైక్ (కాపీరైట్ ఫిర్యాదు మీద యూట్యూబ్ చానల్‌కు వేసే హెచ్చరిక) కొట్టడానికి లేదు.

హక్కు ఇంకొకరిదైతే కాగితం మీద రాయించుకోండి. నోటిమాట చెల్లదు, సంతకం ఉండాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే 19వ సెక్షన్ దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయకపోతే ఇండియా వరకే. యూట్యూబ్‌లో పెట్టేది ప్రపంచమంతా చూస్తుంది కాబట్టి ఈ రెండు మాటలూ తప్పకుండా రాయించాలి.

ఇక పాట. మీ షాట్ల కింద సినిమా పాట వేసి ఉంటే ఆ పాట మీది కాదు. దృశ్యాల వరకే ఫిర్యాదు చేయండి, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకానో రాయండి. "వీడియో మొత్తం నాదే" అని రాస్తే మీ సంతకమే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

చివరగా, అవతలివాళ్లు మీ ముక్కను ఎందుకు వాడారో చూడండి. మీ వీడియోలో కొంత చూపించి దాన్ని విమర్శిస్తే, లేదా వార్తలో భాగంగా వాడితే, 52వ సెక్షన్ వాళ్లకు అండగా నిలవొచ్చు. 30 సెకన్ల లోపు వాడుకుంటే తప్పులేదని అందరూ చెప్పే లెక్క మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. "క్రెడిట్స్ వేశాం కదా" అన్నదీ జవాబు కాదు. పేరు వేయడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, హక్కు లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరిస్తే 60వ సెక్షన్ కింద అవతలివాళ్లే మీ మీద దావా వేసి నష్టపరిహారం అడగొచ్చు. తప్పుడు ఫిర్యాదులు పెట్టే ఖాతాలను యూట్యూబ్ కూడా మూసేయగలదు.

చాలామంది ముందుగా రిజిస్ట్రేషన్ చేయించాలని ఏజెంట్ల చుట్టూ తిరుగుతారు. అక్కర్లేదు. వీడియో తయారైన క్షణం నుంచే హక్కు ఉంటుంది. సినిమా కేటగిరీలో ఒక్కో వీడియోకు 5,000 రూపాయల ఫీజు కట్టే బదులు ఆ డబ్బుతో హార్డ్ డిస్కు కొనుక్కోండి. వాటర్‌మార్క్ మీద కూడా నాకు నమ్మకం లేదు. మూలన వేస్తే కత్తిరిస్తారు, మధ్యలో వేస్తే మీ ప్రేక్షకులకే అడ్డం. ఎడిట్ చేయని అసలు ఫైలు మాత్రం దొంగ దగ్గర ఉండదు.

ఫారం

ఇది తేలిక. యూట్యూబ్ స్టూడియోలోని తొలగింపు అభ్యర్థన ఫారంలో మీ వీడియో లింకు, వాళ్ల లింకు, నిమిషాలు, సెకన్లు ఇవ్వండి. ఆధార్‌లో ఉన్న అసలు పేరుతోనే సంతకం చేయండి. మీ ఈమెయిల్ అవతలివాళ్లకు చేరుతుంది కాబట్టి దీనికోసం వేరే ఈమెయిల్ పెట్టుకోండి. 7 రోజుల గడువిచ్చే ఆప్షన్ కూడా ఉంటుంది. దాన్ని వాడొద్దు, వెంటనే తీయమనండి. ఉత్సవం వీడియోకు చూపులన్నీ మొదటి వారంలోనే వస్తాయి.

వీడియో పోయిందీ అంటే వాళ్లకు స్ట్రైక్ పడినట్టే. 90 రోజుల్లో 3 పడితే చానల్‌కే ముప్పు. అందుకే ఫోన్లు వస్తాయి. బతిమాలినా బెదిరించినా మాట్లాడాల్సింది రాతపూర్వకంగానే.

మీ వీడియోను ఎత్తింది యూట్యూబ్ కాకుండా ఏదైనా వెబ్‌సైట్ వేదిక అయితే 52(1)(సి) సెక్షన్ కింద దానికి రాతపూర్వక ఫిర్యాదు పంపండి. నిబంధనల ప్రకారం 36 గంటల్లో ఆపాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్లు మళ్లీ పెట్టుకోవచ్చు.

ఎదురు నోటీసు వస్తే

"ఇది మాదే" అని అవతలివాళ్లు కౌంటర్ నోటిఫికేషన్ వేస్తే, అమెరికా పనిదినాల లెక్కన 10 రోజుల్లో మీరు కోర్టుకు వెళ్లిన ఆధారం యూట్యూబ్‌కు చూపాలి. చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది. దొంగ హైదరాబాద్‌లో ఉన్నాడని జంకొద్దు. 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తాను ఉండే లేదా వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. దాచిన ఫైళ్లు, స్క్రీన్ రికార్డింగ్ కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ వకీలుతో ముందే మాట్లాడి సిద్ధం చేసుకోండి, నోటీసు వచ్చాక మొదలుపెడితే 10 రోజులు చాలవు. దావా కాగితాన్ని కేసు నంబరుతో సహా గడువులోపు పంపితే, కోర్టులో తేలేదాకా ఆ వీడియో బయటికి రాదు.