రీ-రిలీజ్ సెకండ్ షో తర్వాత క్యాబ్ కోసం

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో పాత మాస్ సినిమా రీ-రిలీజ్, సెకండ్ షో. ఈలలు, కాగితం ముక్కలు, గొంతు పోయేదాకా అరుపులు, అంతా బాగుంటుంది. బయటికొచ్చాకే చిక్కు. మెట్రో అప్పటికే ఆగిపోయి ఉంటుంది, రెండు మూడు థియేటర్లు ఒకేసారి వదుల్తాయి, జనమంతా అక్కడే నిలబడి క్యాబ్ నొక్కుతారు, రేటు పెరిగిపోతుంది.

గేటు దగ్గర బుక్ చేయకండి. ముందు చిక్కడపల్లి వైపు పది నిమిషాలు నడవండి. మీ ఇల్లు ఏ దిక్కున ఉందో రోడ్డుకి ఆ పక్కనే, లైట్లున్న చోట నిలబడి, పికప్ పిన్ చేత్తో జరిపి పెట్టండి, లేకపోతే యూటర్న్ పేరుతో డ్రైవర్ క్యాన్సిల్ కొడతాడు. రెండు యాప్‌లలో రేటు చూసి, తక్కువ ఉన్నదే నొక్కండి. ఇద్దరే అయితే ఆటో చాలు. ఫోన్లో కనీసం 20 శాతం ఛార్జింగ్ ఉంచుకోండి; ఇంటర్వెల్‌దాకా వీడియోలు తీసేవాళ్లకి ఇదే కష్టం.

వానపడితే మాత్రం ఇది పనిచేయదు, ఊరంతా రేటు ఒకేలా పెరుగుతుంది. అలాంటి రోజు ఫస్ట్ షోకే వెళ్లి, మెట్రో ఉండగానే ఎక్కేయండి.