పొలం కొంటున్నారా? రిజిస్ట్రేషన్‌కు ముందే ఇలా కొలిపించండి

పొలం బేరంలో కాగితాలు చూసుకోవాలన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. కొలత మాత్రం ఇంకా చాలామంది రిజిస్ట్రేషన్ అయ్యాకే పెట్టుకుంటున్నారు. డబ్బంతా ఇచ్చేశాక పదిహేను సెంట్లు తక్కువ తేలితే అమ్మినాయన ఫోన్ ఎత్తడు, పక్క రైతు గట్టు జరపడు, మీకు మిగిలేది సివిల్ కోర్టు. ముందు కొలత, తర్వాత డబ్బు. ఈ వరస మార్చొద్దు.

1. కాగితాలు

ఆంధ్రప్రదేశ్‌లో అయితే 1-బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పేది), అడంగల్ (ఎవరు సాగు చేస్తున్నారో చూపేది), ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం). తెలంగాణలో పాస్‌బుక్కు, పహాణీ (అక్కడి అడంగల్), గ్రామ నక్ష (ఊరి పటం), ఆ నంబరు టిప్పన్ (కొలతల చిత్తు పటం). రెండుచోట్లా కనీసం ముప్పై ఏళ్ల లింకు దస్తావేజులు (భూమి చేతులు మారిన ప్రతిసారీ రాసినవి), అంతకాలానికీ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోండి. ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే. నోటి పంపకాలు, తెల్లకాగితం కొనుగోళ్లు అందులో రావు.

సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే బేరం వదిలేయండి. ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టా, లావణి పట్టా భూములకు 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డొస్తుంది. ఏజెన్సీ గ్రామాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. పిత్రార్జితమైతే అక్కచెల్లెళ్ల సంతకాలు తప్పనిసరి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది, పెళ్లయి వెళ్లిపోయిందన్న మాట చెల్లదు. ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవాళ్లు ఫెమా (విదేశీ మారకపు చట్టం) నిబంధనల వల్ల వ్యవసాయ భూమి కొనలేరు, వారసత్వంగా రావచ్చు.

2. బయానా

బయానా చిన్న మొత్తంగా, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. భూమి లావాదేవీలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. ఒప్పంద పత్రంలో ఈ వాక్యం ఉండి తీరాలి: "సర్వేయరు కొలతలో తేలిన విస్తీర్ణానికే ఎకరం ఇంత చొప్పున వెల కట్టబడును." మొత్తం పొలానికి గుత్తగా ధర మాట్లాడుకుంటే కొలిచినా లాభం లేదు. ఈ వాక్యానికి ఒప్పుకోనివాడి పొలం కొనొద్దు.

3. కొలత

పాస్‌బుక్కులో ఎకరం ఉంటే నేల మీదా ఎకరం ఉంటుందని అనుకోవడమే అసలు పొరపాటు. తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తేనే ఏం కొలిపించాలో తెలుస్తుంది.

అన్నదమ్ములు తూర్పు నీది, పడమర నాదని గట్టు వేసుకుంటారు. ఎవరూ కొలవరు. కాగితంలో మాత్రం సరిసగం రాసుకుంటారు. తర్వాత రోడ్డుకో కాలువకో కొంత పోతుంది, పరిహారం అందుతుంది, పాస్‌బుక్కులో అంకె మారదు. ఏటా దున్నేటప్పుడు పక్కవాళ్లు గట్టును కాస్త కాస్త చెక్కేస్తారు. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది బై నంబర్ల సంగతి. 118/అ, 118/ఆ, 118/ఇ అని పాస్‌బుక్కుల్లో ఉంటుంది కానీ నక్షలో 118 ఒకటే ముక్క, లోపల గీతలుండవు. మీరు కొంటున్న 118/ఆ ఎక్కడుందో ప్రభుత్వ పటం చెప్పదు, చూపించేవాడి వేలు చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే అయిన గ్రామాల్లో పాత నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అక్కడ కూడా ఇద్దరు ముగ్గురికి కలిపి ఉమ్మడి ఎల్‌పీఎం ఇచ్చి ఉంటే, విడగొట్టించుకునే దాకా కొనొద్దు.

అందుకే సర్వేయరును పిలవకముందే ఒక కూడిక చేయండి. ఆ సర్వే నంబరులో ఎంతమంది పట్టాదారులున్నారో అందరి విస్తీర్ణాలూ కలపండి. వచ్చిన మొత్తాన్ని ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్‌తో, తెలంగాణలో సేత్వార్‌తో పోల్చండి. రెండూ సర్వే నాటి మూల రికార్డులే. మూల రికార్డులో 6 ఎకరాలుండి పాస్‌బుక్కుల మొత్తం 6 ఎకరాల 30 సెంట్లు వచ్చిందంటే, ఆ 30 సెంట్లు నేల మీద లేవు. ఎవరికో ఒకరికి తగ్గుతుంది. కాస్తులో ఉన్న పాతకాపులు తమ గట్లు వదలరు కాబట్టి ఆ తగ్గుదల కొత్తగా వచ్చినవాడి నెత్తినే పడుతుంది. (ఆంధ్రలో ఎకరం 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. సెంటుకు 48.4 చదరపు గజాలు, గుంటకు 121. రెండు రాష్ట్రాల సరిహద్దు ఊళ్లలో "పది" అంటే ఏ పది అని అడగండి.)

కూడిక సరిపోయాక ఎఫ్-లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెట్టించండి. మీసేవలోనో సచివాలయంలోనో పట్టాదారు పేరు మీదే పెట్టాలి. అంటే అమ్మేవాడే పెట్టాలి. రిజిస్ట్రేషన్‌కు ముందే కొలవమనడానికి ఇది మరో కారణం: పక్క రైతులు ఊరివాడైన పాత యజమాని ముందు మాట్లాడే తీరు వేరు, బయటినుంచి వచ్చిన మీతో మాట్లాడే తీరు వేరు. వరి కోతలయ్యాక, తొలకరికి ముందు పెట్టుకోండి. నిలబడ్డ పైరులో, నీళ్లు నిండిన మడిలో చైను సరిగ్గా పడదు.

కొలత రోజున మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే. మీరు కొనే ముక్కను దాని గట్ల వెంబడి కొలవనివ్వకండి. గట్టునుంచి గట్టుకు కొలిస్తే గట్టు సరైన చోటే ఉందని ముందే ఒప్పుకున్నట్టు. సర్వే నంబరు మూల రాళ్లు, లేకుంటే దగ్గర్లోని మూడు ఊళ్ల పొలిమేర రాయి పట్టుకుని, ఎఫ్‌ఎంబీలో ఉన్న లింకుల ప్రకారం నంబరు మొత్తాన్నీ నేల మీద దించాలి. ఆ తర్వాతే లోపలి ముక్క. లింకు అంటే 7.92 అంగుళాలు, వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. పటం మీది అంకెలు లింకులో మీటర్లో ముందే తేల్చుకుని, సర్వేయరు పక్కనే నడుస్తూ ప్రతి గీతనూ మీ కాగితంలో రాసుకోండి.

ఫోన్‌లో యాప్ తెరిచి చుట్టూ నడిస్తే విస్తీర్ణం వచ్చేస్తుందని ఈ మధ్య బ్రోకర్లు తెగ చెబుతున్నారు. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. పొడుగాటి పొలంలో ఆ కొన్ని మీటర్లే కొంప ముంచుతాయి. 200 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ముక్క సుమారు ఎకరం. వెడల్పులో 3 మీటర్లు తప్పితే 600 చదరపు మీటర్లు, అంటే దాదాపు 15 సెంట్లు. యాప్ ఊరు చూడటానికి పనికొస్తుంది, ధర కట్టడానికి కాదు. గూగుల్ పటం మీద నక్ష అతికించి చూపించే బొమ్మలూ అంతే.

నోటీసు అందిన నాలుగు వైపుల రైతులూ వచ్చేలా చూడండి. ఒకరు రాకపోతే మరో తేదీ పెట్టించండి, ఆలస్యమైనా ఫర్వాలేదు. పంచనామా మీద వాళ్ల సంతకాలు, వేలిముద్రలు అక్కడే తీసుకోవాలి. సాయంత్రం ఇంటికొచ్చి పెడతానన్న సంతకం రాదు. అదే పూట మూలమూలకూ రాళ్లు పాతించండి, సగానికి పైగా నేలలో దిగాలి. పక్క రైతు ఎదురు తిరిగితే వాదనకు దిగకండి. ఆ గొడవ తీర్చాల్సింది అమ్మేవాడు. తీరేదాకా బయానాకు పైన ఒక్క రూపాయి కదలకూడదు.

4. దారి

డొంక, పుంత, బండ్ల బాట ఏదైనా సరే, పటంలో గీత ఉందా చూడండి. పటంలో లేకుండా పక్క పొలంలోంచి నడుస్తున్న బాట అయితే ఆ రైతుతో దారి హక్కు రిజిస్టరు చేయించుకోవాలి. "ఎప్పటినుంచో ఇలాగే వెళ్తున్నాం" అన్న హామీ ట్రాక్టరు దిగబడిన రోజున పనిచేయదు.

5. రిజిస్ట్రేషన్

ఆంధ్రలో సబ్ రిజిస్ట్రారు దగ్గర, తెలంగాణలో వ్యవసాయ భూమికి తహసీల్దారు దగ్గర. చెక్కుబందీలో, అంటే నాలుగు వైపుల హద్దులు రాసే పేరాలో, "ఉత్తరం: ఇతరుల భూమి" అని రాయనివ్వకండి. పక్క రైతు పేరు, సర్వే నంబరు, ఆ వైపు కొలత, మూడూ రాయించి, సర్వే పటం జతపరచండి. విస్తీర్ణానికీ హద్దులకూ పొసగనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి. కాబట్టి దస్తావేజులో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన పేరా అదే.

కొత్త పాస్‌బుక్కు చేతికొచ్చాక అందులోని అంకెను సర్వే నివేదికతో పోల్చండి. తేడా ఉంటే ఆ వారంలోనే తహసీల్దారుకు సవరణ దరఖాస్తు ఇచ్చి రసీదు దాచుకోండి.