ఆర్‌లో వెక్టర్ నుంచి మ్యాట్రిక్స్: ఎర్రర్ రాదు, అంకెలు తప్పుతాయి

సమస్య: అంకెలన్నీ ఉన్నాయి, వరుసలు కలిసిపోయాయి.

ధవళేశ్వరం ఆనకట్టకు నాలుగు భాగాలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఒక్కోదానికి మూడు నెలల రీడింగుల చొప్పున 12 అంకెలు వరుసగా టైప్ చేశారనుకోండి. ఈ అంకెల జాబితాను (వెక్టర్) నాలుగు అడ్డు వరుసల పట్టికగా (మ్యాట్రిక్స్) చేయమని ఆర్ ప్రోగ్రామింగ్ భాషలోని మ్యాట్రిక్స్ ఫంక్షన్‌ను అడిగితే, మొదటి నిలువు వరుసలో ధవళేశ్వరం అంకెలు మూడూ, వాటి కింద ర్యాలి మొదటి అంకె కనిపిస్తాయి. ఆర్ పైనుంచి కిందికి నింపుకుంటూ పోతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. అడ్డు వరుసల వెంట నింపమని చెప్పే బైరో అనే ఆర్గ్యుమెంట్‌కు ట్రూ అని ఇస్తే సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త. 12 గళ్లకు 11 అంకెలు ఇస్తే వార్నింగ్ వస్తుంది. అడ్డు, నిలువు వరుసల సంఖ్యలు రెండూ చెప్పి 6 అంకెలే ఇస్తే మాత్రం అవే మళ్లీ నింపేసి ఊరుకుంటుంది. ముందే లెంగ్త్ (ఎన్ని అంకెలున్నాయో) చూసుకోండి.

సమస్య: మూడు ఊళ్లకు సరిగ్గా వచ్చిన దూరాల పట్టిక నాలుగో ఊరు చేర్చగానే తప్పింది.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం: ఆరు జతలు, ఆరు దూరాలు. అమలాపురం నుంచి మిగతా మూడింటికి, తర్వాత రాజోలు నుంచి, చివరికి నరసాపురం నుంచి. ఈ వెక్టర్‌ను లోయర్ ట్రై గళ్లలో (వికర్ణానికి కింది సగం) పెట్టి, అదే వెక్టర్‌ను అప్పర్ ట్రై గళ్లలోనూ (పై సగం) పెట్టాను. పై సగంలో అమలాపురం–భీమవరం దూరం రాజోలు–నరసాపురం గడిలో, దానిది దీని గడిలో పడ్డాయి. వశిష్ఠ గోదావరికి ఇటూ అటూ ఉన్న రాజోలు, నరసాపురం అంత దూరమెందుకయ్యాయా అని ఆగాను కాబట్టి దొరికింది, ఊళ్లు తెలియకపోతే దాటిపోయేదే.

కారణం: రెండు సగాలనూ ఆర్ నిలువు వరుసల వెంటే చదువుతుంది. కింది సగంలో మొదటి వరుసలోనే మూడు గళ్లు, పై సగంలో రెండో వరుసలో ఒకటి, మూడోదాంట్లో రెండు, నాలుగోదాంట్లో మూడు. మూడు ఊళ్లకు ఆ రెండు క్రమాలూ అనుకోకుండా కలుస్తాయి, నాలుగు నుంచి కలవవు.

పరిష్కారం: కింది సగం మాత్రమే వెక్టర్‌తో నింపండి. ఆ మ్యాట్రిక్స్‌ను ట్రాన్స్‌పోజ్ చేసి (అడ్డు వరుసలను నిలువుగా మార్చి), దాని పై సగాన్ని తెచ్చి అసలుదాని పై సగంలో పెట్టండి. తర్వాత రెండు సగాలూ సరిపోయాయో లేదో చెప్పే ఈజ్ సిమ్మెట్రిక్‌తో చూస్తే ట్రూ రావాలి.

సమస్య: ఒక్క రైతు దగ్గరే పట్టిక విచిత్రంగా వచ్చింది.

ఒక్కో రైతు చెరువుల విస్తీర్ణాలను డయాగ్ అనే ఫంక్షన్‌తో మ్యాట్రిక్స్ వికర్ణం మీద పెడుతున్నారు. మూడు చెరువులున్న రైతుకు బాగానే వచ్చింది. ఐదెకరాల చెరువు ఒక్కటే ఉన్న రైతుకు వికర్ణం మీద ఒకట్లతో 5×5 యూనిట్ మ్యాట్రిక్స్ వచ్చింది. ఒక్క అంకే ఇస్తే డయాగ్ దాన్ని సైజు అనుకుంటుంది. వెక్టర్ లెంగ్త్‌నే అడ్డు వరుసల సంఖ్యగా ఎన్‌రో అనే ఆర్గ్యుమెంట్‌కు ఇవ్వండి, చెరువు ఒకటైనా పదైనా సరిగ్గానే వస్తుంది.